ఆయన పడవ

షాంఘై నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులో మలుపు తిరగ్గానే ఓడ ఎదురైంది. ఖరీదైన సంచులు, పెట్టెలు అమ్మే లూయీ విటాన్ కంపెనీ 2025 జూన్‌లో తెరిచిన కట్టడం అది. కింద మెరిసే లోహపు ఓడ, పైన ట్రంకుపెట్టెలు పేర్చినట్టు అంతస్తులు. జనం ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు, "లోపలికి వెళ్దామక్కా, ఊరికే చూసొద్దాం" అంది. వెళ్లాం. చిన్న పర్సు కొనుక్కుంది. మొదటి జీతం నుంచీ ఉన్న కోరికట.

మర్నాడు నా వంతు. పుడోంగ్‌లో 2024లో తెరిచిన షాంఘై మ్యూజియం ఈస్ట్‌కి చైనా చిత్రకారుడు ని జాన్ (1301–1374) వేసిన సిరాబొమ్మ కోసం వెళ్లాను. వెలుతురుకు పాత కాగితం పాడవుతుందని ఇలాంటివి మార్చి మార్చి పెడతారు. ఆ రోజు అది గోడ మీద లేదు. అచ్చు ప్రతి కొనుక్కుని బల్ల మీద పరిచాను.

1345 నాటి బొమ్మ. దిబ్బ మీద ఆరు చెట్లు, దూరంగా కొండలు. మనిషి లేడు, రంగు లేదు. ఆ కాలపు మరో చిత్రకారుడు హువాంగ్ గోంగ్‌వాంగ్ దాని మీద రాసిన పద్యంతో 'ఆరుగురు సజ్జనులు' అన్న పేరు నిలిచింది. ని జాన్ కూడా నాలుగు మాటలు రాశాడు: పడవ ఒడ్డున ఆగి ఉంది, కనబడినప్పుడల్లా బొమ్మ అడిగే స్నేహితుడు దీపం పెట్టి ఈ కాగితం తీశాడు, ఎంతో అలసిపోయినా కాదనలేక వేశాను అని. ఆ సంగతి చెల్లెలికి చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

వూషీ అనే ఊళ్లో కలవారి బిడ్డ ని జాన్. తర్వాత ఆస్తి వదిలేసి తాయ్‌హు సరస్సు ప్రాంతంలో పడవ మీద తిరుగుతూ బతికాడు. మింగ్ రాజుల కాలం (1368–1644) వచ్చేసరికి అక్కడి పెద్దిళ్లలో ని జాన్ బొమ్మ ఉంటే సంస్కారం ఉన్నట్టు, లేకపోతే మోటువాళ్లన్నట్టు! అన్నీ వదిలేసినవాడి గీతతోనే హోదా కొలిచారు. గిరాకీ ఉన్నచోటికి నకళ్లు రాకుండా ఉంటాయా? పెద్ద చిత్రకారుల పేరు పెట్టి నకిలీలు తయారుచేయడం సుజౌలో బతుకుతెరువైంది. అసలు బొమ్మలు దొరికినవాళ్లు వాటి మీద ఎర్రటి ముద్రలు గుద్దుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు చియాన్‌లోంగ్ చక్రవర్తి అయితే నచ్చిన బొమ్మల్లో ఖాళీగా వదిలిన ఆకాశాన్నీ వదల్లేదు.

ఆ ముద్రల మీద నాకు కోపం. చెల్లెలి పర్సు మీద మాత్రం రాలేదు. దాన్ని గుడ్డసంచిలోంచి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టుకుంటుంటే చిన్నప్పుడు పండక్కి కొన్న గౌను దిండు కింద పెట్టుకుని పడుకున్న పిల్లే కనబడింది. నేనైనా ఈ బొమ్మను ఇంట్లో ఎక్కడ తగిలించాలనుకున్నాను? వచ్చినవాళ్లకు ముందుగా కనబడే గోడకే.

మధ్యాహ్నం రైలెక్కి సుజౌ, అక్కణ్ణుంచి టాక్సీలో తాయ్‌హు ఒడ్డుకు చేరాం. గాలి లేదు. అవతల కొండలు పలచటి సిరాలా ఉన్నాయి. చెల్లెలు కాగితం చుట్ట విప్పి సరస్సుకు ఎదురుగా పట్టుకుంది.

"అక్కా, ఇందులో నీళ్లు ఎక్కడేశాడు?"

వెతికాం. చెట్లకూ కొండలకూ మధ్య ఒక్క గీతా లేదు. వట్టి కాగితమే.