బోలు పుస్తకం: ముందు కోత, తర్వాతే జిగురు

జియోక్యాష్ కోసం బోలు పుస్తకం, అంటే కాగితాల మధ్య గొయ్యి కోసి డబ్బా దాచే పుస్తకం, ఎట్టకేలకు పూర్తయింది. అంటే రెండోది పూర్తయింది. మొదటిది బల్ల కింద పడి ఉంది, చెప్పాల్సిందంతా దాని గురించే. (క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు. జీపీఎస్ పట్టుకుని వెతికేవాళ్ల కోసం దాచిపెట్టే డబ్బా. లోపల సంతకం పెట్టడానికి లాగ్ బుక్ తప్పనిసరి.)

ముందు డబ్బా, తర్వాతే పుస్తకం. చాలామంది పుస్తకంలో గొయ్యి తవ్వేసి, ఆపైన అందులో పట్టే డబ్బా కోసం తిరుగుతారు. నేను తీసుకున్న డబ్బా బయటి కొలత 12 × 8 × 3 సెం.మీ., మూతకి రబ్బరు వాషర్ ఉంది. క్లిప్పులున్న మూతైతే క్లిప్పులు వేసి, ఎక్కడ ఎక్కువ వెడల్పుందో అక్కడ కొలవాలి. లోపల సుమారు 200 మి.లీ. పడుతుంది కాబట్టి జియోక్యాష్ సైజుల్లో ఇది ‘స్మాల్’ కిందికి వస్తుంది. 100 మి.లీ. కన్నా తక్కువైతే మైక్రో, లీటరు దాటితే రెగ్యులర్.

పుస్తకం 21 × 14 సెం.మీ., అట్టలు కాకుండా మందం 4 సెం.మీ. మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల) కాగితం ఒక్కోటి దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. ఆ లెక్కన 400 కాగితాలు, 800 పేజీలు. కుట్టు బైండింగే తీసుకోండి. గమ్ బైండింగైతే సగం కోసేసరికి కాగితాలు ఊడి చేతికొస్తాయి. ఆర్ట్ పేపర్ వద్దు. దానికి పూసిన పూత బ్లేడును అరగదీస్తుంది, జిగురును లోపలికి పీల్చుకోనివ్వదు. పసుపెక్కి, మడిస్తే విరిగే పాత కాగితమూ పనికిరాదు. వెన్ను గుండ్రంగా కాకుండా చదునుగా ఉండాలి. ఎందుకో కింద చెప్తాను.

ఇక మొదటి పుస్తకం. ఏ వీడియో చూసినా ఒకటే పాట: ముందు మూడు అంచులకీ జిగురు పూసి దిమ్మలా చెయ్యి, ఆ తర్వాత పైనుంచి కోసుకుంటూ దిగు. అలాగే చేశాను. పైన 126 × 86 మి.మీ. గీసుకున్నాను, డబ్బా చుట్టూ 3 మి.మీ. సందు ఉండేట్టు. 33 మి.మీ. లోతు దిగాక డబ్బా పెడితే 25 మి.మీ. దిగి ఆగిపోయింది. 5 మి.మీ. పైకే నిలబడింది, అట్ట మూతపడలేదు. బొటనవేళ్లతో నొక్కాను. ఇంకాస్త దిగింది, అంతే. ఈసారి పైకి కూడా రాలేదు. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే డబ్బాతో పాటు పై పది కాగితాలు చిరిగొచ్చాయి.

కొలిచి చూస్తే గొయ్యి పైన 86, అడుగున 78. ఎనిమిది మిల్లీమీటర్లు ఎటు పోయినట్టు?

స్కేలు మీద చెయ్యి ఆన్చి కోసేటప్పుడు కట్టర్ పిడి తెలియకుండానే బయటివైపు వాలుతుంది, మొన గొయ్యిలోకి జరుగుతుంది. ఎదురెదురు గోడలకి చెరి నాలుగు మి.మీ., ఆ లెక్కన ఏడు డిగ్రీల వాలు. ఏడు డిగ్రీలు కంటికి తెలియదు. పైగా కోసిన ప్రతి పొరా కింది పొరకి గీత అవుతుంది కాబట్టి తప్పు మీద తప్పు పేరుకుంటుంది. లోతు పెరిగాక ఇంకో చిక్కు: పిడి లావుగా ఉంటుంది, బ్లేడు దాని మధ్యలో ఉంటుంది, నిటారుగా పట్టుకుంటే బ్లేడు గోడని తాకదు. మూలల్లో కోత సగమే తెగుతుంది, మిగతాది లాగుతాం, అక్కడ కాగితం పీచు కట్టి మూల గుండ్రంగా తయారవుతుంది. శాండ్ పేపర్‌తో రుద్ది సరిచేద్దామనుకున్నాను. జిగురు పట్టని కాగితం అంచు అరగదు, దూదిలా లేస్తుంది. దిమ్మ చేసేశాక పేజీ తిప్పి మళ్లీ కొలుచుకునే దారీ లేదు. ముందే అంటించమని చెప్పేవాళ్లు తమ పుస్తకాన్ని పైనుంచే ఎందుకు చూపిస్తారో అప్పుడర్థమైంది. అడుగు కొలిచి చూపించిన వీడియో నాకు ఒక్కటీ దొరకలేదు.

రెండో పుస్తకానికి వరస తిరగేశాను: విడి కాగితాలే కోసి, జిగురు చివర్లో. 21 × 14 సెం.మీ. పుస్తకానికి అదే కొలతలో ఒక మూస చేసుకోవాలి, దాని మధ్యలో 126 × 86 మి.మీ. కిటికీ. వెన్ను వైపు 30 మి.మీ., తెరిచే వైపు 24, పైనా కిందా 42 చొప్పున మిగులుతుంది. అట్టతో చేసిన మూసనైతే పదో కట్టకల్లా బ్లేడే కొరికేస్తుంది, గొయ్యి పెద్దదవుతుంది. పలచటి అల్యూమినియం రేకు మంచిది. మొదటి పది కాగితాలు వదిలేసి, తర్వాత పదేసి కాగితాల కట్ట కింద గట్టి ప్లాస్టిక్ షీటు తోయండి. మూసని పేజీ పై అంచుకీ తెరిచే వైపు అంచుకీ సమంగా ఆన్చి కొయ్యండి. కోసిన కట్టని తిప్పేసి తర్వాతి కట్ట. ఇలా 33 కట్టలు. ప్రతి కట్టకీ కొలత పుస్తకం అంచు నుంచే వస్తుంది, పైన కోసినదాన్నుంచి కాదు. అందుకే తప్పు పేరుకోదు. వెన్ను గుండ్రంగా ఉన్న పుస్తకంలో కాగితాలు మూయగానే వంపు తిరుగుతాయి, అంచు నుంచి కొలిచిన గొయ్యి కూడా అదే వంపు తిరుగుతుంది. చదును వెన్ను అడిగింది ఇందుకే.

కోత ఎప్పుడూ మూలలో మొదలుపెట్టి మధ్యకి లాగాలి. మూల దగ్గర ఆపాలని చూస్తే బ్లేడు దాటిపోతుంది. రెండు మూడు తేలిక గీతల్లో తెగాలి. బలం పెట్టాల్సి వస్తోందంటే బ్లేడు మొండిదైందని అర్థం. 18 మి.మీ. కట్టర్‌లో నాలుగు కట్టలకోసారి బ్లేడు మొన ముక్క విరిచేశాను. విరిచేటప్పుడు ముక్క ఎగురుతుంది, పటకారుతో విరవండి.

జిగురు దశ తేలికే. తెల్ల జిగురు మూడు వంతులకి నీళ్లు ఒక వంతు. నీళ్లెక్కువైతే కాగితం ఉబ్బి, ఆరాక అలలు తేలుతుంది. పుస్తకం మూసి, అంచులు చదునుగా సర్ది, పై పది కాగితాలూ అట్టలూ అంటుకోకుండా ప్లాస్టిక్ షీట్లు పెట్టి, మూడు అంచులకీ పలచగా పూత. చెక్క పలకల మధ్య బరువు కింద రాత్రంతా ఉంచాలి. మర్నాడు లోపలి గోడలకి పూత, మళ్లీ ఒక రోజు. పుస్తకం తెరిచి ఉంచి ఆరబెట్టకండి, దిమ్మ పక్కకి ఒరిగి అలాగే గట్టిపడుతుంది. చివరగా వదిలేసిన పదింట్లో కింది కాగితాన్ని గొయ్యి అంచుల మీద అంటించి, ఆరాక కిటికీ కోసేస్తే పై గరుకంతా దాగిపోతుంది. మిగతా తొమ్మిదీ విడిగానే ఉంటాయి, ఊరికే తెరిచిన మనిషికి అచ్చే కనిపిస్తుంది.

డబ్బా కింద ఒక రిబ్బన్ అడ్డంగా వెయ్యండి, కొస బయటికి ఉండాలి. లేకపోతే డబ్బా తీయడానికి పుస్తకం బోర్లించాల్సిందే.

దీన్ని బయట పెట్టే ఆలోచన మానుకోండి. లోపలి డబ్బా తడవదు, నిజమే. కానీ కాగితం గాలిలో తేమనే పీల్చుకుంటుంది, అట్టలు వంగి మూతపడవు. దీని చోటు గ్రంథాలయం అలమర. 2000 మేలో డేవ్ ఉల్మర్ ఒరెగన్‌లో పెట్టిన మొట్టమొదటి క్యాష్ ఒక బకెట్, అందులో పుస్తకాలు కూడా ఉన్నాయి. మనది తిరగేసిన వ్యవహారం. ఆ బకెట్‌ని సగం భూమిలో పాతిపెట్టారు. ఇప్పుడైతే స్థలం యజమాని స్పష్టంగా అనుమతిస్తే తప్ప, కొత్త క్యాష్‌లని పరిశీలించే రివ్యూయర్ అలా పాతడానికి ఒప్పుకోడు.

నేను పంపిన క్యాష్ వివరాలూ మొదటిసారి రివ్యూయర్ దగ్గర్నుంచి వెనక్కొచ్చాయి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి కాబట్టి ఇంకోదానికి మరీ దగ్గరగా ఉందేమోనని మ్యాపు పదిసార్లు చూసుకున్నాను, అది కాదట. అనుమతి ఎవరిచ్చారో రాయలేదట. ఆ అనుమతి కూడా కౌంటర్ దగ్గర ఒకరిని అడిగి సరిపెట్టుకోకండి. ఆయన తలూపుతాడు, పక్క షిఫ్టు వాళ్లకి చెప్పడు. కేటలాగులో లేని పుస్తకం అలమర సర్దేవాళ్ల కంట పడితే చిత్తు కుప్పలోకే. రాతపూర్వకంగా తీసుకుని, ఒక కాపీని ముందు అట్ట లోపల అంటించండి. డబ్బా మూత మీద ‘జియోక్యాష్’ అని పెద్దక్షరాల్లో రాయండి. వెన్ను మీద వాళ్ల చేతే నంబరు వేయించండి. గ్రంథాలయాల్లో విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో భూగోళం, యాత్రలు 910 కిందికొస్తాయి, నాదక్కడే పెట్టారు. లాగ్ బుక్ 7 × 11 సెం.మీ. మించితే ఈ డబ్బా మూత సరిగా పడదు.