జామాయిల్ తోట అమ్మకం: నా అనుభవం

సత్తుపల్లి వైపు మా చెలకలో జామాయిల్ (యూకలిప్టస్) పెట్టి నాలుగేళ్లు దాటాక కోతకొచ్చింది. సారపాక పేపర్ మిల్లు ఉండబట్టి మా దగ్గర భద్రాచలం క్లోన్లు, అంటే మంచి చెట్ల కొమ్మల నుంచి పెంచిన జామాయిల్ మొక్కలు, ఎప్పటినుంచో ఉన్నాయి. మేం వరసకు వరసకు 3 మీటర్లు, మొక్కకు మొక్కకు 2 మీటర్లు వదిలి పెట్టాం. ఎకరాకు 660 పైచిలుకు మొక్కలు. మొదటి ఏడు మధ్యలో కంది తీసుకున్నాం. ఆ తర్వాత నీడకు ఇంకేదీ రాలేదు.

పెంచడంలో పెద్ద కథేం లేదు. తలనొప్పంతా అమ్మకంలోనే.

ముందు ఏజెంటు వచ్చాడు. "నిలువునే గుత్తకిచ్చెయ్ అన్నా, కూలీలూ లారీలూ నేను చూసుకుంటా, నీకెందుకు టెన్షన్?" అన్నాడు. చెప్పిన రేటు వినడానికి బాగానే ఉంది. కానీ గుత్త బేరమంటే తూకం లేకుండా తోటంతటికీ ఒకే ధర, అందులో తోట ఎన్ని టన్నులు తూగుతుందో అతనికి తెలుసు, మనకు తెలియదు. సన్నది, మధ్యరకం, లావుది ఒక్కో చెట్టు నరికించి తూకం వేయించాను. గట్టు వెంబడి చెట్లు ఎప్పుడూ లావుగానే ఉంటాయి, అందుకే లోపలి వరసల్లోవే తీసుకున్నాను. లెక్క వేసుకుంటే గుత్త కంటే టన్ను బేరమే నయమనిపించింది.

టన్ను ధర అడిగేటప్పుడు మిల్లు గేటు దగ్గరి ధరా, చేను దగ్గరి ధరా అన్నది తేల్చుకోవాలి. నరికినందుకు, తొక్క తీసినందుకు, లోడింగుకు, లారీ కిరాయికి, అన్నీ ఆ మధ్యలోనే పోతాయి.

కటింగ్ మేస్త్రీ తోటంతా ఒకేసారి పడగొట్టేద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పచ్చికర్ర బరువులో సగం దాకా నీళ్లే, ఎండకు రోజురోజుకీ తూకం పడిపోతుంది. పైగా నరికిన పూటే అయితే తొక్క కత్తి మొనతో లేపి లాగితే పొడుగ్గా పట్టీలా ఊడొస్తుంది. మర్నాటికి కర్రకు అతుక్కుపోయి గొడ్డలితో చెక్కాల్సి వస్తుంది, కూలీ పెరుగుతుంది. లారీ ఖాయమయ్యాకే రంపం తియ్యమన్నాను. లోడుతో వెళ్తున్న ఒక లారీ దారిలో రిపేరుకొచ్చి ఆగిపోయింది. కర్ర అంతే ఎత్తు పేర్చినా ఆ లోడు మిగతావాటికంటే తక్కువ తూగింది. ఖాళీ లారీ కాటా చీటీ నా దగ్గర పెట్టుకున్నాను కాబట్టి తేడా కర్ర ఆరడం వల్లేనని తెలిసింది, డ్రైవర్‌తో గొడవ పడలేదు.

కాగితాలంటే పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా జిరాక్సులే. అదే టేకైతే అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ అంటూ తిరగాలి.

అన్ని ఖర్చులూ పోగా వచ్చింది నాలుగేళ్లకు భాగిస్తే ఏటా మా ఊరి కౌలు కంటే మెరుగే. మిర్చి బాగా పండి ధరున్న ఏడాదితో పోలిస్తే మాత్రం ఎందుకూ చాలదు. మిర్చి పోయిన ఏడాదితో ఎవరూ పోల్చరనుకోండి! అసలు లాభం రెండో కోతలోనే అంటారు, మొక్కల ఖర్చు ఉండదు కదా. అందుకే మోళ్లు చీలకుండా, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా, నేలకు దగ్గరగా కోయించాను. ఇప్పుడు ఒక్కో మోడుకు గుత్తులుగా పిలకలొచ్చాయి. బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీయిస్తున్నాను.

పక్కచేను బాబాయికి మాత్రం మా తోటంటే గిట్టదు. వేళ్లు గట్టు దాటి ఆయన పత్తి నీళ్లు తాగేస్తున్నాయంటాడు, అది నిజమే. గట్టు వెంట కందకం తీయిస్తానన్నాను. జేసీబీ కిరాయి మొత్తం నాదే అంటున్నాడు, ఇంకా తెగలేదు.