శుక్రవారం పూట ఫెజ్‌లో కుస్కుస్

మొరాకో వెళ్తున్నామని ఎవరైనా చెప్తే నేను ముందుగా అడిగేది ఒకటే, మధ్యలో శుక్రవారం వస్తోందా అని. వస్తే ఆ మధ్యాహ్నం ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోవద్దంటాను. ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వని కూరతో కలిపి తినే కుస్కుస్, టూరిస్టులు తిరిగే హోటళ్లలో వారమంతా దొరుకుతుంది, కాదనను. కానీ అక్కడి ఇళ్లలో అది శుక్రవారం వంట. జుమ్మా నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ చేరి తింటారు. చిన్న చిన్న హోటళ్లు చాలావరకు ఆ ఒక్క రోజే వండుతాయి, అయిపోతే మళ్లీ వారం దాకా ఆగాల్సిందే.

నేనూ మా అక్కా మొరాకోలోని ఫెజ్ నగరంలో ఉండగా శుక్రవారం వచ్చింది. అక్క శాకాహారి, అదే పెద్ద టెన్షన్, ఎందుకంటే కూరగాయల కుస్కుస్ అని మెనూలో రాసి ఉన్నా ఆ కూరగాయలు ఉడికేది సాధారణంగా మాంసం రసంలోనే. మేం దిగిన గెస్ట్‌హౌస్ కుర్రాడు ముందు రోజే హోటల్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు, వంట చూడాలని ఉందన్నామని కూడా చెప్పాడు. పొద్దున్నే రమ్మన్నారు.

బాబ్ బూజ్‌లూద్ గేటు బయటివైపు నీలం, పాత ఊరి వైపు ఆకుపచ్చ. లోపలికి దాటితే కార్లు రావు, గాడిదలూ కంచరగాడిదలే సరుకు మోస్తాయి. అక్కడి నుంచి తలా స్గీరా వీధిలో దిగుతూ ఉంటే పక్క సందులో నాలుగైదు బల్లల హోటల్. వంట చేసేది యజమాని తల్లి, అందరూ ఆవిడని లల్లా అని గౌరవంగా పిలుస్తున్నారు, మేమూ అలాగే పిలిచాం.

కింద పెద్ద కుండలో గొర్రె మాంసం, శనగలు, ఉల్లిపాయలు. పైన చిల్లుల గిన్నె, అందులో రవ్వ. ఆ రెండూ కలిసేచోట ఆవిరి పక్కకి పోకుండా పిండి నీళ్లలో తడిపిన గుడ్డపేలిక చుట్టేసింది. కూర ఆవిరి మొత్తం రవ్వలోంచే పైకి రావాలి, వాసన పట్టేది అక్కడే. ఆవిరి బాగా లేచాక రవ్వని వెడల్పాటి పళ్లెంలోకి గుమ్మరించి, ముందు చెక్క గరిటెతో విడదీసి, ఉప్పునీళ్లు చిలకరించి, నూనె రాసుకున్న అరచేతుల మధ్య పలుకు పలుకూ విడిపోయేలా రుద్దింది. చేతులు ఎర్రబడ్డాయి, వేడికి కాస్త ఆగి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత రవ్వని మళ్లీ గిన్నెలోకి ఎత్తి ఆవిరి మీద పెట్టింది. ఇలా మూడుసార్లు. చివరిసారి స్మెన్ కలిపింది, అది ఉప్పు వేసి పులియబెట్టిన వెన్న, వాసన ఘాటుగా ఉంటుంది, నాకు మాత్రం అదే లేకపోతే కుస్కుస్ చప్పగా అనిపిస్తుంది. కూరగాయలు కూడా ఒకేసారి వేయరు. క్యారెట్, టర్నిప్, క్యాబేజీ ముందు, చితికిపోతాయని గుమ్మడి, జుకినీ ఆఖర్న. మసాలా అంటే అల్లం, పసుపు, మిరియాలు, కాస్త కుంకుమపువ్వు, దారంతో కట్టిన కొత్తిమీర కట్ట. మిరపకారం లేదు.

అక్క కోసం పక్కన చిన్న కుండ పెట్టింది, అందులో శనగలూ కూరగాయలే. కూర ఒక్కటి వేరు చేసి ఊరుకోలేదు, అక్క తినే రవ్వని కూడా ఆ చిన్న కుండ ఆవిరి మీదే ఉడికించింది. మేం అడగకుండానే. భాష తెలియని ఊళ్లో ఇంత పట్టించుకుని వండిపెట్టిన చేతికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

వడ్డన కూడా చూడాల్సిందే. రవ్వ గుట్టగా పోసి, నడుమ మాంసం పెట్టి, కూరగాయలు చుట్టూ నిలువుగా పేర్చి, మీద రసం పోశారు. పైన త్ఫాయా, అంటే ఎండుద్రాక్ష, దాల్చినచెక్క వేసి బాగా మగ్గబెట్టిన తియ్యటి ఉల్లిపాయలు. తాగడానికి గ్లాసుల్లో ల్బెన్, అచ్చం మన మజ్జిగే. చెంచాలు ఇచ్చారు కానీ పెద్దవాళ్లు చేత్తోనే తింటున్నారు. మనం అన్నం కలిపినట్టు కలిపితే ఈ ముద్ద నిలవదు. లల్లా నా పక్కన కూర్చుని, రసంలో తడిసిన రవ్వ కొంచెం కుడి అరచేతిలోకి తీసుకుని రెండు మూడుసార్లు మెల్లగా ఎగరేసేసరికి అది గుండ్రంగా ఉండ అయ్యింది. ఎవరి ముందున్న భాగం వాళ్లు తినాలి, నడుమనున్న మాంసం ముక్కలు మాత్రం ఆవిడే విరిచి నా వైపు తోస్తూ పోయింది. “ఒరేయ్, నా పళ్లెంలోకి చెయ్యి పెట్టావంటే ఊరుకోను,” అంది అక్క, త్ఫాయా అంతా తన వైపు లాక్కుంటూ.

పక్క బల్ల దగ్గర ట్యునీషియా నుంచి వచ్చిన దంపతులున్నారు. తమ దగ్గర చేపతో చేస్తారని, హరీసా కారంతో రసం ఎర్రగా ఉంటుందని ఊరించారు. కుస్కుస్ ఎవరిదన్న వాదన ఆ దేశాల మధ్య ఎప్పుడూ ఉండేదే. అయినా అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మారిటేనియా నాలుగూ కలిసి దాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి, 2020లో. అల్జీరియా, మొరాకోల మధ్య సరిహద్దు 1994 నుంచి మూసే ఉంది, అలాంటి రెండు దేశాలు ఒకే కాగితం మీదికి వచ్చింది ఈ వంట కోసం. నాకు ఆ సంగతి చాలా నచ్చింది.

మన సూపర్‌మార్కెట్లలో దొరికే ప్యాకెట్ మీద వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెట్టమని ఉంటుంది. అలా చేయకండి. ఆ రవ్వనే కాస్త నూనె, ఉప్పునీళ్లతో తడిపి, పల్చటి గుడ్డ పరిచిన చిల్లుల పళ్లెంలో పోసి, ఉడుకుతున్న కూర మీదే ఆవిరి పట్టించండి, మధ్యలో తీసి చేత్తో విడదీసి మళ్లీ పెట్టండి. రవ్వ ముందే ఉడికించి ఎండబెట్టింది కాబట్టి రెండుసార్లు చాలు. అక్క ఇంట్లో ఇలాగే చేస్తోంది, స్మెన్ దొరక్క నెయ్యి వేస్తోంది, త్ఫాయా మాత్రం లల్లా చెప్పినట్టే సన్నసెగ మీద గంటసేపు మగ్గనిస్తుంది.