తంగేడుకి పేరు రాయడం – నా అనుభవం

డిగ్రీలో హెర్బేరియం రికార్డుకి, అంటే ఎండబెట్టిన మొక్కల్ని షీట్ల మీద అతికించి పేర్లు రాసే రికార్డుకి, నేను తంగేడు ఎంచుకున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లె, ఎటు చూసినా వరి, కొబ్బరి. తంగేడుకేమో నీళ్ళు నిలవని మెరక నేల కావాలి. మా చేల గట్ల మీద వెతికి వెతికి దొరక్క, చివరికి సామర్లకోటలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రైలు పట్టాల పక్కన విరగబూసి కనిపించింది.

మొదటి కొమ్మ పాడైపోయింది. వానాకాలం. కొమ్మని ఎండబెట్టడానికి మధ్యలో పెట్టి నొక్కే పేపర్లు రోజూ మార్చాల్సింది, రెండు రోజులు వదిలేశాను. తీసి చూస్తే బూజు, ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. ఏడుపొచ్చింది. "కాగితాలు ఇస్త్రీ చేసి పెట్టవే, చెమ్మ పోతుంది" అంది పిన్ని. మళ్ళీ వెళ్ళి కోసుకొచ్చిన కొమ్మ అలాగే నిలబడింది.

షీటు మీద అతికించే ముందు లెన్సుతో చూశాను. ప్రతి ఆకు కాడ మొదట్లో రెండు పచ్చటి రేకులు, అచ్చం చిన్న చెవుల్లా కాండాన్ని ఆనుకుని ఉన్నాయి. తంగేడు శాస్త్రీయ నామంలో రెండో మాట 'ఆరిక్యులేటా' అంటే లాటిన్‌లో చెవులున్నది అని అర్థం. ఆ మాట అప్పటిదాకా బట్టీ పట్టానే తప్ప చూడలేదు.

లైబ్రరీలో పాత పుస్తకం చూసి లేబుల్ మీద 'కాసియా ఆరిక్యులేటా' అని రాసి పట్టుకెళ్ళాను. "ఇప్పుడది సెన్నా అమ్మా, సరిచూసుకుని రా" అన్నారు మేడం. సబ్మిషన్‌కి ఇంక రెండ్రోజులే, ఒకటే టెన్షన్.

కూర్చుని చదివితే తెలిసింది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని కాసియా అనే ప్రజాతిలో (దగ్గరి పోలికలున్న మొక్కల గుంపులో) పెట్టాడు. రాక్స్‌బర్గ్ సెన్నాలోకి మార్చాడు. ఆయన 1815లో పోయాక, 1832లో అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లో ఆ పేరుంది. అయినా చాలాకాలం పుస్తకాల్లో కాసియాయే నడిచింది. 1982లో ఇర్విన్, బార్నబీ అనే వృక్షశాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని కాసియా, సెన్నా, కామెక్రిస్టా అని మూడుగా విడదీశారు. రేల కాసియాలోనే ఉండిపోయింది, తంగేడు సెన్నాకి వెళ్ళింది. సెన్నాలోకి మొదట మార్చింది రాక్స్‌బర్గ్ కాబట్టి, 'సెన్నా ఆరిక్యులేటా' అన్న పేరు చివర లిన్నేయస్ బ్రాకెట్లో, రాక్స్‌బర్గ్ బయట. మొదట పేరు పెట్టినవారు లోపల, ప్రజాతి మార్చినవారు బయట అన్నమాట.

ఆ రాక్స్‌బర్గ్ ఎవరా అని చూస్తే ఒళ్ళు పులకరించింది. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా 1781లో సామర్లకోట వచ్చి, అక్కడే మొక్కల తోట పెంచిన మనిషి! నేను కొమ్మ కోసింది ఆ ఊళ్ళోనే.

కొత్త లేబుల్ మీద ఆయన పేరు రాసి, కింద 'దొరికిన చోటు: సామర్లకోట, రైలు గట్టు' అని పూర్తిచేశాను. మేడం ఆ రెండు పంక్తులూ చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టారు.