అనూరుడి చేతిలో పగ్గాలు

మాఘమాసపు చలి ఎలా ఉంటుందో రథసప్తమి రాత్రి అరసవల్లి క్యూలో నిలబడ్డవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటాక స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది, ఆ తర్వాత నిజరూప దర్శనం. పలాస, టెక్కలి, పాలకొండ వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా వచ్చినవాళ్ళు సాయంత్రం నుంచే దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. మిగతా రోజుల్లో నగలూ పూలూ మధ్య కనిపించే సూర్యనారాయణమూర్తి ఆ ఒక్కరోజు ఏ అలంకారమూ లేకుండా, నల్లరాతి మూర్తిగా, రెండు చేతుల్లో రెండు తామరమొగ్గలతో కనిపిస్తాడు. గర్భగుడి ముందు మనకి దొరికేది రెండు క్షణాలు. అందరి చూపూ స్వామి ముఖం మీదకే పోతుంది, పోవాలి కూడా. కానీ అదే రాతిలో కింద ఏడు గుర్రాలున్నాయి, వాటిని తోలే సారథి ఉన్నాడు. అనూరుడు. ఈ రోజు ఆయన గురించి రాయాలనిపించింది. మనిషి మారడం అనే విషయంలో నాకు అర్థమైన కాస్తా ఆయన దగ్గరే మొదలైంది.

ఊరువులంటే తొడలు, అవి లేనివాడు అనూరుడు. కథ భారతం ఆదిపర్వంలో ఉంది. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువ వెయ్యిమంది కొడుకులు కావాలని కోరుకుంటే, వినత నాకు ఇద్దరు చాలు, కానీ ఆ వెయ్యిమందినీ మించినవాళ్ళు కావాలంది. గుడ్లు పుట్టాయి, కుండల్లో భద్రం చేశారు. 500 ఏళ్ళు గడిచాక కద్రువ గుడ్లు పగిలి పాములు బయటికొచ్చాయి. వినత గుడ్లు రెండూ అలాగే ఉన్నాయి. సవతి పిల్లలు కళ్ళముందు తిరుగుతున్నారు, తన ఒడి ఖాళీ. ఆగలేక ఒక గుడ్డు పగలగొట్టేసింది. నడుము దాకా రూపం వచ్చి, ఆ కింద ఇంకా ఏర్పడని బిడ్డ బయటపడ్డాడు. ఏ సవతిని చూసి ఈ తొందర పడ్డావో ఆవిడకే దాసివవుతావని ఆ బిడ్డే తల్లిని శపించాడు. రెండో గుడ్డునైనా ఇంకో 500 ఏళ్ళు కదపకుండా ఉంచు, అందులోంచి వచ్చేవాడే నీ దాస్యం తీరుస్తాడని కూడా అతనే చెప్పాడు. ఆ రెండోవాడు గరుత్మంతుడు.

చిన్నప్పటి నుంచీ నేను దీన్ని తొందరపడకూడదని చెప్పే కథగానే విన్నాను. అదీ నిజమే. కానీ ఆ తర్వాత ఏమైందో చూడండి. సగమే తయారైన ఆ బిడ్డని ఎవరూ పారెయ్యలేదు. లోకానికి రోజూ వెలుగు తెచ్చే రథం పగ్గాలు అతని చేతికే ఇచ్చారు. రథం తోలడం కూర్చుని చేసే పని, చేతులుంటే చాలు. అతనికి లేనిదాన్ని లెక్కపెట్టకుండా ఉన్నవాటికి తగిన పని ఇచ్చారన్నమాట. తూర్పున ముందు కనిపించే ఎరుపు అతనిదే, సూర్యుడు వచ్చేది ఆ తర్వాతే.

ఈ మాట నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు, మా మామ్మని చూశాక అర్థమైంది.

మా మామ్మది నరసన్నపేట దగ్గర పల్లె. మా జిల్లావాళ్ళకి అడ్డచుట్ట గురించి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట అది, ఆ అలవాటునే అడ్డపొగ అంటారు. ఊడుపుల వానలో తడిసినా ఆరదని, చంకలో పసిపిల్ల ఉన్నా నిప్పురవ్వ మీద పడదని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. మామ్మకి పదిహేనో ఏట వాళ్ళమ్మ దగ్గర అబ్బింది. అంగిట్లో కేన్సరు మామూలుగా అరుదు, మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, ఇక్కడి డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాటే ఇది. మామ్మకి అంగిట్లో తెల్లగా మచ్చ కట్టిందని, ఇప్పుడు మానకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్" కదా, ఆరోగ్యం కావాలంటే అడగాల్సింది సూర్యుణ్ణే. ఆ ఏడు రథసప్తమికి మామ్మ తలమీద ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, అరసవల్లి వెళ్ళి, ఇక ఈ జన్మలో చుట్ట ముట్టనని మొక్కుకుంది. మనస్ఫూర్తిగానే అంది, పక్కనే ఉన్నాను, ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. పదకొండో రోజున మళ్ళీ ముట్టించింది.

అసలు నష్టం ఆ చుట్టతో జరగలేదు, తర్వాత జరిగింది. ప్రతి ఆదివారం అరసవల్లి వెళ్ళే మనిషి గుడికి వెళ్ళడమే మానేసింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అనేది. రోజుకి నాలుగు కాల్చేది కాస్తా ఎనిమిది కాల్చడం మొదలుపెట్టింది, మాట ఎలాగూ పోయింది కదా అని. మనలో చాలామందికి ఇక్కడే తెగిపోతుందని నా నమ్మకం. తప్పు చిన్నదే, దాని వెనకాల వచ్చే సిగ్గు మాత్రం మనల్ని సాయం దొరికే చోటికే వెళ్ళనివ్వదు.

వాళ్ళ అప్ప, అంటే మా పెద్దమామ్మ, ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుని అన్న మాట ఇది: "ఏటే సెల్లీ, జన్మంతా ఒక్కపాలే మానెయ్యమని సూర్నారాయణమూర్తి నిన్నడిగేడేటి? ఆదోరం ఒక్కరోజు మాను. సోమారం సంగతి సోమారం సూద్దుం."

పెద్దమామ్మకి చదువు రాదు. కానీ సూర్యాష్టకం చివర ఫలశ్రుతిలో మద్యం, మాంసం లాంటివి విడిచిపెట్టమని చెప్పే చోట ఉన్న మాట "రవేర్దినే". ఆదివారం నాడు అని. ఎన్నిసార్లు చదివానో, ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. మన పెద్దలకి మనిషి సంగతి ఎంత బాగా తెలుసో అనిపిస్తుంది, వారానికి ఒక్కరోజు ఇమ్మన్నారు, దానికి ఒక పేరున్న రోజుని ఇచ్చారు, ఆ రోజుకి ఒక దేవుణ్ణి కాపలా పెట్టారు. రేపటి నుంచి మానేస్తాననే రేపు క్యాలెండర్లో ఎక్కడా దొరకదు, ఆదివారం మాత్రం ఏడురోజులకోసారి తప్పకుండా గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది.

అలా మామ్మ ఆదివారాలు మొదలుపెట్టింది. ఆ రోజు ఒంటిపూట భోజనం, అందులో ఉప్పు ఉండదు, చుట్ట ఉండదు. మొదటి నెలల్లో ఆదివారం సాయంత్రం అయ్యేసరికి చేతులు వణికేవి, ఎవరు పలకరించినా చిరాకు పడేది. బుగ్గన లవంగం పెట్టుకునేది. అప్పుడు పెద్దమామ్మ ఇంకో రెండు పనులు చేయించింది, నా దృష్టిలో మొక్కు ఎంత ముఖ్యమో అవీ అంతే. చుట్టల డబ్బాని మామ్మ ఇంట్లోంచి తీయించి వీధి చివర తన ఇంట్లో పెట్టింది, చుట్ట కావాలంటే అక్కడిదాకా నడిచి వెళ్ళి అడగాలి. ఎప్పుడూ లేదనలేదు, ఒక్కమాట అనలేదు, అడిగితే తీసి ఇచ్చేది. రెండోది, సాయంత్రం దీపాల వేళ వీధి ఆడవాళ్ళందరూ అరుగు మీద చేరి చుట్టలు ముట్టించే సమయానికి మామ్మని తోడు తీసుకుని రామమందిరానికి వెళ్ళేది. స్నేహితుల్ని మానుకోమనలేదు, ఆ గంట ఒక్కటీ మార్చింది. మనసుని గట్టి చేసుకోవాలి అని అందరం అంటాం గానీ, మనసు కూర్చునే అరుగుని మార్చాలని ఎవరికి తోస్తుంది?

ఆదివారం చుట్ట సోమవారం పొద్దున్నకి జరిగింది. తర్వాత సోమవారం మధ్యాహ్నానికి. మధ్యలో మా చిన్నాన్న పోయినప్పుడు నెలన్నర పాటు ఆదివారాలు కూడా లేవు, అన్నీ పోయాయి. కానీ ఈసారి గుడి మానలేదు, అదే తేడా. నోట్లో పొగ వాసనతోనే వెళ్ళి దూరంగా ధ్వజస్తంభం దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేసేది. సగమే తయారైన మొక్కు అది, అయినా పగ్గాలు వదల్లేదు. మళ్ళీ ఆదివారాలు వచ్చాయి, వాటి పక్కన గురువారాలు వచ్చాయి. ఆఖరి చుట్ట ఎప్పుడు కాల్చిందో చివరికి ఆవిడకే గుర్తులేదు. అడిగితే "ఏమో నాన్నా, డబ్బా అడగడం మర్చిపోయాను" అంది. మచ్చ మెల్లగా పలచబడిందని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది.

అరసవల్లిలో ఇంకో వింత అందరికీ తెలుసు. మార్చి రెండో వారంలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు ఉదయపు తొలి కిరణాలు వాకిళ్ళు దాటి లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. మార్చిలో ఉత్తరానికి వస్తూ, అక్టోబరులో దక్షిణానికి పోతూ. ఫొటో తీస్తే ఏది మార్చో ఏది అక్టోబరో చెప్పలేం. రోజుకి రెండు చుట్టలు కాల్చే మనుషులు ఇద్దరు ఎదురుగా నిలబడితే కూడా అంతే. ఒకరు ఎనిమిది నుంచి రెండుకి వచ్చినవారు, ఒకరు రెండు నుంచి ఎనిమిదికి పోతున్నవారు. ఆ రోజు చూసినవాళ్ళకి ఇద్దరూ ఒకటే, లోపల దారి మాత్రం పూర్తిగా వేరు. అందుకే ఎవరి ఇవాళ్టిని చూసి వాళ్ళు మారారో లేదో తేల్చడం నేను మానుకున్నాను, నన్ను నేను చూసుకునేటప్పుడు కూడా. ఇంకో సంగతి, మబ్బు పట్టిన ఏడు ఆ కిరణాలు పడవు. తెల్లవారుజామునే వచ్చి నిలబడ్డవాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోతారు, కానీ సూర్యుడు దారి తప్పాడని ఎవరూ అనరు.

సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 ప్రాంతంలో. ఆ రోజుల్లో మీరు మేడ మీద నిలబడి రోజూ చూసినా ఉదయించే చోటు కదిలినట్టే ఉండదు. అదే మార్చికి వచ్చేసరికి రోజుకి సూర్యబింబం వెడల్పులో ముప్పావు వంతు దాకా జరుగుతూ ఉంటాడు. అంటే తిరగాల్సిన మలుపు తిరిగే రోజుల్లోనే ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. రథసప్తమి నాటి నుంచి రథం ఉత్తరానికి సాగుతుందని, ఎండ వేడెక్కుతుందని పెద్దలు అంటారు, మనకి ఒంటికి తెలిసేది అప్పుడు. మామ్మ చేతులు వణికిన ఆ మొదటి ఆదివారాలే ఆవిడ అయనం.

ఇక నా సంగతి. రథసప్తమి స్నానం చేస్తూ చదివే శ్లోకం ఇలా ఉంటుంది:

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితమ్
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః

ఈ జన్మలో చేసినది, వెనకటి జన్మల్లో మూటగట్టుకున్నది, మనసుతో, మాటతో, శరీరంతో చేసినది, తెలిసి చేసినది, తెలియక చేసినది. ఈ ఏడు రకాలూ పోగొట్టమని అడుగుతాం, ఏడు ఆకులూ వాటికేనంటారు. నేను ఎప్పుడూ "తెలియక" అనే మాట దగ్గర హాయిగా దాటిపోయేవాణ్ణి, తెలియనిదానికి నేనేం చేయను అని. మూడేళ్ళ కిందట మా అమ్మాయి లెక్కల పుస్తకం తీసుకుని నా దగ్గరికి కాకుండా పక్కింటికి వెళ్తుంటే ఎందుకని అడిగాను. "మీరు గట్టిగా మాట్లాడితే నాకు వచ్చినవి కూడా మర్చిపోతాను నాన్నా" అంది. నేను అరుస్తున్నానని నాకు నిజంగా తెలీదు. నా మాట అంతే అనుకున్నాను, మా నాన్న మాటా అంతే. వాక్కుతో, తెలియక, బహుశా వెనకటి తరం నుంచి కూడా, ఒక్క గొంతులో మూడు రకాలున్నాయి.

తెలియనిది తెలియాలంటే నిజరూపం చూపించేవాళ్ళు కావాలి. నాకు ఆ ఎనిమిదేళ్ళ పిల్ల చూపించింది. ఇక ఎప్పుడూ అరవనని ఆ రాత్రి ఒట్టు పెట్టబోయి మామ్మ గుర్తొచ్చి ఆగాను. ఆదివారం అన్నాను. ఆదివారం ఇంట్లో గొంతు పెంచను, ఏం జరిగినా సరే, పాలు పొంగి స్టవ్వంతా పోయినా సరే. మామ్మ డబ్బా లాగా నా కోపానికి కూడా ఒక చోటుంది, అది పొద్దున్న ఎనిమిదిన్నర, ఆఫీసుకి ఆలస్యమయ్యే టెన్షన్ మీద బూట్లు దొరకని సమయం. అందుకని అన్నీ రాత్రే తీసి గుమ్మం దగ్గర పెడుతున్నాను. చిన్న విషయమే, రాయాలా వద్దా అనుకున్నాను, కానీ జపం కన్నా ముందు నాకు ఉపయోగపడింది ఇదే.

ఆదివారాలు ఇప్పుడు దాదాపు నిలబడ్డాయి. కిందటి నెల ఒక ఆదివారం పోయింది, చాలా గట్టిగా అరిచాను, పిల్ల ఏడ్చింది. సాయంత్రం దాన్నే వెంటబెట్టుకుని అరసవల్లి వెళ్ళాను, మామ్మ నిలబడిన చోటే నిలబడ్డాను, పిల్లకి అక్కడే క్షమాపణ చెప్పాను. తిరిగి వస్తూ ఆటోలో దానికి వినత కథంతా చెప్పాను. రెండో గుడ్డు దగ్గర అది "ఇంకా ఎంతసేపు ఆగాలి?" అని అడిగింది, మరో 500 ఏళ్ళు అంటే పాపం అంది.

సోమవారాల్లో ఇప్పుడు పొద్దున్న పదింటి దాకా వచ్చాను. మామ్మకి ఆ పది గంటలు రావడానికి ఏడాదిన్నర పట్టింది.