సన్‌షేడ్ కింది గాడి

ఈ రోజు కూడా గోడకు రంగు పడలేదు. మూడు రోజులుగా గోకడమే పని. చేతులు నొప్పిగా ఉన్నా, మధ్యాహ్నం బయటపడిన విషయం ఈ రాత్రే రాసిపెట్టుకోవాలనిపించింది.

ఎండ పడమటి గోడ మీదికి రాకముందే నిచ్చెన వేశాం. ఇంటికి 40 ఏళ్లు దాటాయి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ దెబ్బంతా ఆ గోడదే. అరచేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటోంది. ఎండకు రంగులోని జిగురు చచ్చిపోతే మిగిలే పొడి అది. దాని మీదే కొత్త రంగు వేస్తే, ఆ రంగు పట్టుకునేది పొడిని, గోడను కాదు. నాలుగు వానలు పడేసరికి పెచ్చులుగా లేచిపోతుంది. ఇదివరకు రెండుసార్లు అలాగే జరిగింది.

మేస్త్రీ గారు వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ వచ్చారు. చాలాచోట్ల గట్టిగానే పలికింది. పడమటి కిటికీకి ఎడమ పక్కన మాత్రం డొల్లగా మోగింది. అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసిందట. సుద్దముక్కతో చుట్టూ గీత గీశారు. రెండు జానల మేర ఉంది.

ఆ చోటు మాకు కొత్త కాదు. ఏటా వానాకాలంలో లోపలి వైపు చెమ్మ దిగేది అక్కడే. పైకప్పు కారుతోందనుకుని పైన ఎన్నిసార్లు పూత వేయించామో! మేస్త్రీ గారు నిచ్చెనెక్కి సన్‌షేడ్ అడుగున చెయ్యి పెట్టి తడిమారు. "ఇక్కడ ఒక గాడి ఉండాలమ్మా, తగలడం లేదే" అన్నారు. అంచు వెంట గోకితే గాడి బయటపడింది. నా చిటికెన వేలు పట్టేంత వెడల్పు. లోపలంతా పాత రంగూ పుట్టీ గడ్డకట్టి ఉన్నాయి.

సన్‌షేడ్ అంచు నుంచి జారిన నీరు మొత్తం నేల మీద పడదు. కొంత అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని గోడ వైపు పాకుతుంది. గాడి దగ్గరకు వచ్చేసరికి ఆ దారి తెగి, బొట్టుగా కిందికి రాలిపోతుంది. గాడి చేసే పని అంతే. ఇల్లు కట్టినవాళ్లు శ్రద్ధగా పెట్టిన ఆ గాడిని, రంగు వేయించిన ప్రతిసారీ మేమే కొంచెం కొంచెంగా పూడ్చేశాం. ఇంటి మీద ప్రేమతో చేసిన పనే గోడను తడిపిందని తెలిసి చాలా బాధ కలిగింది.

ఉలితో గాడిని శుభ్రం చేశాక పైనుంచి చెంబుడు నీళ్లు పోసి చూశాం. బొట్లు వరసగా, గోడకు జానెడు దూరంలో పడ్డాయి. రెండో చెంబు నేనే పోశాను.

డొల్ల ప్లాస్టరింగ్ పగలగొట్టి కొత్తది వేయాలి. వారం రోజులు తడపాలి, ఆ తరువాత ఆరాలి. మొత్తం నాలుగు వారాలు ఆగితేనే రంగు. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. నీరు చొరని పూత ఒకటి పైన వేసి త్వరగా ముగించమని తమ్ముడు ఫోనులో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గోడలో ఇప్పటికే ఉన్న చెమ్మకు బయటికి దారి మూసేస్తే, అది పూతను బొబ్బలెక్కిస్తుంది.

కిటికీ ఊచలను మాత్రం పొడిగా గోకనివ్వలేదు. పాతకాలపు నూనె రంగుల్లో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లోనే నిషేధించారు. మా ఊచల మీద ఉన్నది ఏ రంగో చెప్పగలిగేవారు లేరు కాబట్టి, కింద పట్టా పరిచి, తడి చేసి గరుకు కాగితంతో రుద్దించాను. పిల్లలను ఆ వైపు రానివ్వలేదు.

సాయంత్రం అమ్మ బయటికి వచ్చింది. మీగడ రంగు కింద లేత ఆకుపచ్చ, దాని కింద నీలం, అన్నిటికంటే అడుగున సున్నం, కిటికీ పక్కన మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. నాన్న డబ్బాలో కర్రతో కలుపుతుంటే, డబ్బా కదలకుండా నేను పట్టుకున్న నీలం అది. నాకు అప్పుడు ఆరేళ్లు ఉంటాయేమో. అమ్మ ఆ నీలం మీద వేలు పెట్టి, "అప్పట్లో ఇంకాస్త ముదురుగా ఉండేది" అంది. చీకటి పడేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ ముక్కను చివరి రోజు దాకా గోకవద్దని మేస్త్రీ గారికి చెప్పాను.