గ్యాస్ కొలిమి లోపలి పూత: తొందరపడితే పగులుడే

నల్లగొండ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలకు కొదువ లేదు గానీ, ఆ సిమెంట్ కొలిమి లోపల పనికిరాదు, వేడికి పెచ్చులు లేస్తది. హై అల్యూమినా కాస్టబులే కావాలె, అంటే అల్యూమినా ఎక్కువుండి మంటకు తట్టుకునే, నీళ్లు కలిపి మెత్తే మిశ్రమం.

కొలిమి డబ్బా లోపల అంగుళం మందం సిరామిక్ ఫైబర్ దుప్పటి రెండు పొరలు. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ నూగు ఊపిరితిత్తులకు మంచిది కాదు. దుప్పటి పోగులను గట్టిపరిచే కొలాయిడల్ సిలికా ద్రావణం చల్లి ఆరనియ్యాలె. మళ్ల కొద్దిగ తడిపి, అర అంగుళం కాస్టబుల్ మెత్తాలె. పొడి దుప్పటైతే కాస్టబుల్‌లోని నీళ్లన్నీ పీల్చుకుంటది.

అసలు తిప్పలు మన ఎండాకాలంల. కాస్టబుల్ ఆరి గట్టిపడేది కాదు, నీళ్లతోని కలిసి గట్టిపడేది. 40 డిగ్రీలు దాటిన ఎండల పెడితే నీళ్లు ముందే ఆవిరై పై పొర పిండిలెక్క రాలుతది. తడి గోనెసంచి, దాని మీద ప్లాస్టిక్ కప్పి 24 గంటలు నీడకు ఉంచాలె. ఆ తర్వాతనే రెండు మూడు రోజులు గాలికి, ఇంకో రోజు లోపల 100 వాట్ల పాత బల్బు. ఎల్ఈడీ బల్బు పెట్టి వేడి రాలేదనొద్దు!

బర్నర్ మొదట రెండు నిమిషాలే. చల్లారినంక అయిదు, మళ్ల పది. ఆవిరి కనిపించినంతసేపు మంట పెంచొద్దు, లోపల చిక్కిన నీళ్లే పెచ్చు ఊడగొడతయి. వెంట్రుకంత పర్రెలు పడితే పరేషాన్ కావద్దు. ఇనుము అతికేటందుకు బొరాక్స్ (వెలిగారం) వాడేటోళ్లు మాత్రం, అది కరిగి పూతను తినేస్తది గనుక, అడుగున హై అల్యూమినా పలక వేసుకోండ్రి.